సొంతిల్లు కొని 14 నెలలైంది, ఆ తృప్తి ఎక్కడుందో కనపడట్లేదు

మల్లంపేట_మనిషి
బయట ఎవరికైనా చెబితే తిడతారని ఇక్కడ రాస్తున్నా. హైదరాబాద్ శివారు మల్లంపేటలో గృహప్రవేశం అయి 14 నెలలు. 1,450 చదరపు అడుగులు, మూడు బెడ్‌రూములు, తూర్పు ముఖం, ఏడో అంతస్తు. చూసినవాళ్లంతా "అదృష్టవంతుడివిరా" అన్నారు. 92 లక్షలకి కొన్నా. దాని మీద రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, వుడ్‌వర్క్‌కి 9 లక్షలు, ఆ తర్వాత లెక్క రాయడం మానేశా. లోను 70 లక్షలు, నెలకి 61 వేలు. అంతకుముందు కొండాపూర్‌లో 24 వేల అద్దెకి ఉండేవాళ్లం, మాదాపూర్ ఆఫీసుకి బండి మీద పావుగంట. ఇప్పుడు బాచుపల్లి చౌరస్తా, నిజాంపేట రోడ్డు, జేఎన్‌టీయూ దాటి వెళ్లాలి. పొద్దున గంటంబావు. సాయంత్రం వాన పడితే ఇక చెప్పక్కర్లేదు.

పాలు పొంగినప్పుడు అమ్మ ఏడ్చింది, నాకూ గొంతు పట్టేసింది, అది అబద్ధం కాదు. ఓ రెండు నెలలు ఆఫీసు నుంచి రాగానే లైట్లన్నీ వేసుకుని గది గదికీ తిరిగేవాణ్ణి. అది ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తులేదు. ఇప్పుడు తలుపు తీస్తే ఇల్లు, అంతే.

మొన్న అమ్మ బూడిదగుమ్మడికాయ వడియాలు పెడదామని పప్పు నానబోసి, రుబ్బి, అంతా సిద్ధం చేసుకుని పైకి వెళ్తే టెర్రస్‌కి తాళం. అసోసియేషన్ పర్మిషన్ కావాలన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. సరేనని బాల్కనీలో పాత చీర పరిచి పెట్టింది. నీడ ఎక్కువని మధ్యాహ్నం ఆ చీరని రెయిలింగ్ మీదకి లాగింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో మా బాల్కనీ ఫొటో, కింద "ఎలివేషన్ పాడవుతోంది, దయచేసి రెయిలింగుల మీద ఏమీ ఆరబెట్టవద్దు" అని మెసేజ్. దానికి 11 మంది దండం పెట్టిన బొమ్మలు. కోటి పోసి కొన్న ఇంట్లో వడియాలు పెట్టుకునే దిక్కులేదు.

ఇల్లు కొన్నాక నిజంగా బతుకు మీద తృప్తి పెరిగినవాళ్లు ఇక్కడ ఉన్నారా? లేక నాలోనే ఏదన్నా తేడానా?

ఈఎంఐ_పక్షి
తేడా నీలో లేదు బ్రో, 61 వేలలో ఉంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
మల్లంపేటలో ఇప్పుడు అడుగు ఎంత నడుస్తోంది అన్నా? మేమూ అటే చూస్తున్నాం.

పెరుగన్నం
ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు.

కూకట్‌పల్లి_కుర్రాడు
సారీ. కానీ ఎంత?

తెనాలి_మాస్టారు
బాబూ, మీరు కట్టలేదు, కొన్నారు. అక్కడ ఉంది తేడా. 1993లో మేం ఇల్లు మొదలుపెట్టినప్పుడు నా జీతంలో సగం ఇటుకలకే పోయేది. బడికి వెళ్లేముందు గోడలు తడిపేవాణ్ణి, వచ్చాక మళ్లీ తడిపేవాణ్ణి. ఇసుక లారీ రాత్రి పదకొండింటికి వస్తుందంటే మా ఆవిడా నేనూ లాంతరు పెట్టుకుని కూర్చునేవాళ్లం, ఎందుకంటే మనం లేకపోతే తెల్లారేసరికి కుప్ప సగమయ్యేది. శ్లాబు వేసిన రోజు మేస్త్రీకి, కూలీలకి కోడికూర భోజనం పెట్టాం. వరండా మెట్టు మీద సిమెంటు ఆరకముందే మా పెద్దాడు పుల్లతో పేరు రాశాడు. వాణ్ణి కొట్టాను కూడా. ఇప్పుడు ఆ మెట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా కాలు పక్కకి వేస్తాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు రెండూ చేసే చెప్పి ఉంటాడు. మీకు చేతికి సిమెంటు అంటలేదు, అందుకే మనసుకీ అంటలేదు.

ఈఎంఐ_పక్షి
మాస్టారూ, ఇప్పుడు హైదరాబాద్‌లో 200 గజాలు కొని చేతికి సిమెంటు అంటించుకోవాలంటే కిడ్నీ ఒకటే సరిపోదండి.

లెక్కల_చిట్టా
మనోభావాలు కాసేపు పక్కన పెడదాం. 70 లక్షల లోను, 20 ఏళ్లు, నెలకి 61 వేలు అంటే వడ్డీ 8.6 దగ్గర. మొత్తం కట్టేది కోటీ 46 లక్షల పైన. వడ్డీయే 76 లక్షలు. ఆ ఇల్లే అద్దెకి తీసుకుంటే ఎంత? మహా అయితే 26, 28 వేలు. మిగిలిన 33 వేలు నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసుకుని కొండాపూర్‌లోనే ఉంటే సరిపోయేది. పన్ను మినహాయింపు వస్తుందంటారు, అదీ పాత పద్ధతిలోనే, సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షలే. కొత్త పద్ధతిలో అదీ లేదు. నేను 44 ఏళ్లకీ అద్దె ఇంట్లోనే ఉన్నా, హాయిగా నిద్రపోతున్నా.

పెరుగన్నం
ఆ 33 వేలు నెలనెలా తప్పకుండా ఫండ్‌లో వేసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఈఎంఐ కాబట్టి కట్టాం. లేకపోతే ఫోన్లు, గోవాలు.

రెండో_అంతస్తు
@లెక్కల_చిట్టా మీరు హాయిగా నిద్రపోతున్నారంటే మీకు ఇల్లు అద్దెకి ఇస్తున్నారు కాబట్టి. నా కథ వినండి. 38 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు, మంచి ఉద్యోగం. 2019కి ముందు ఎస్సార్‌నగర్, అమీర్‌పేట, సనత్‌నగర్ చుట్టుపక్కల నేను ఎక్కని మెట్లు లేవు. ప్రశ్నలన్నీ ఒకటే. ఒక్కరే ఉంటారా? ఎవరెవరు వస్తుంటారు? అమ్మానాన్న నెలకెన్నిసార్లు వస్తారు? ఆ తర్వాత గొంతు తగ్గించి "ఇంతకీ మీరేవిట్లు?" అని. చెప్పాక "నీచు వండరు కదా?" అని. ఒకావిడ అయితే మంచినీళ్లు ఇచ్చి, కులం చెప్పాక, మా తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు వాడికే అనుకున్నాం అంది. నేను గ్లాసు ఇంకా కింద పెట్టలేదు.

చివరికి మోతీనగర్‌లో 15 ఏళ్ల పాత అపార్ట్‌మెంట్లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, రీసేల్, 41 లక్షలకి కొన్నా. లిఫ్ట్ వారానికోసారి ఆగుతుంది. బాత్‌రూమ్ టైల్స్ రంగు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ చేరిన మొదటి ఆదివారం కొరమీను తెచ్చి, కిటికీలన్నీ బార్లా తెరిచి పులుసు పెట్టా. ఆ వాసన మెట్ల దాకా వెళ్లాలని పెట్టా. ఆరేళ్లయింది, ఆ రోజు నాకు ఇంకా పాతబడలేదు.

బందరు_లడ్డు
ఆ "మీరేవిట్లు" అనే ప్రశ్నకి నేను "భోజనప్రియులం" అని చెప్పేవాణ్ణి. ఇల్లు ఇచ్చేవాళ్లు కాదు గానీ నాకు బాగుండేది.

మల్లంపేట_మనిషి
@రెండో_అంతస్తు మీరు రాసింది చదివాక నా పోస్టు తీసేద్దామనిపించింది.

రెండో_అంతస్తు
తీయకండి. మీ బాధ అబద్ధం అని నేననలేదు. మీరు దేన్నుంచి తప్పించుకోవడానికి కొన్నారో అది మీకు లేదేమో అంటున్నా.

వడ్డికాసులవాడు
నాకు తృప్తి సంగతి తర్వాత, నిద్ర పోయిన సంగతి చెప్తా. 2021లో 60 లక్షలు తీసుకున్నా, 6.75 శాతం. రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు, అప్పుడు 4 శాతం కదా, బ్యాంకువాళ్లే ఫోన్లు చేసి ఇచ్చేవాళ్లు. ఈఎంఐ 45,600 చిల్లర, 20 ఏళ్లు. 2022 మే నుంచి రిజర్వ్ బ్యాంకు పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి ఆరున్నర చేసింది. ఈఎంఐ మారలేదు, మనకేం ఇబ్బంది లేదనుకున్నా. ఓ రోజు ఊరికే స్టేట్‌మెంట్ తీసి చూస్తే 45,600లో వడ్డీయే 43 వేలు దాటింది, అసలుకి వెళ్తోంది రెండువేల చిల్లర. ఈఎంఐ అలాగే ఉంచి గడువు పెంచుకుంటూ పోయారు, ఇంకా 30 ఏళ్ల పైన చూపిస్తోంది. అంటే నాకు 70 ఏళ్లొచ్చేదాకా. మా ఆవిడకి వారం రోజులు చెప్పలేదు.

తర్వాత 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే చెప్పింది, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా గడువు పెంచుకుంటారా అని మనల్ని అడగాలని. నేను బంగారం అమ్మి 8 లక్షలు కట్టి, ఈఎంఐ పెంచుకున్నా. 2025లో రేట్లు తగ్గాయి, కాస్త ఊపిరాడుతోంది. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోను ఉన్నవాళ్లు ఈ పోస్టు చదివాక మొదట చేయాల్సిన పని ఆ స్టేట్‌మెంట్ తీసి, ఎన్ని నెలలు మిగిలాయో చూడటం.

ఈఎంఐ_పక్షి
ఇప్పుడే తీశా. 214 ఉండాలి, 261 ఉంది. టీ తాగి వస్తా.

బెర్లిన్_బాబు
ఇక్కడ జర్మనీలో సగం మందికి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటారు, ఎవరూ తలదించుకోరు. అద్దె ఒప్పందానికి మామూలుగా గడువు ఉండదు, ఓనరుకి ఊరికే ఖాళీ చేయించే వీలు లేదు. ఒక వింత ఏంటంటే చాలా ఇళ్లు వంటగది లేకుండా ఇస్తారు. గోడకి పైపులుంటాయంతే. సింకు దగ్గర్నుంచి మనమే పెట్టించుకోవాలి, వెళ్లేటప్పుడు ఊడదీసుకుని వెళ్లొచ్చు.

అసలు విషయం. మల్లంపేట అన్న అడిగిన ప్రశ్న మీదే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ యూనివర్సిటీవాళ్లు ఇద్దరు, ఓడర్మాట్, స్టుట్సర్ అని, 2022లో ఒక పరిశోధన వేశారు. ఇక్కడ జర్మనీలో 1984 నుంచి ఏటా అవే కుటుంబాలని అడుగుతూ వస్తున్న పెద్ద సర్వే ఒకటుంది. అందులో ఇప్పుడు మీ జీవితం మీద ఎంత తృప్తిగా ఉన్నారు, ఐదేళ్ల తర్వాత ఎంత ఉంటారనుకుంటున్నారు అని కొన్నేళ్లపాటు రెండూ అడిగారు. ఇల్లు కొన్నవాళ్లు కొన్నప్పుడు ఏమనుకున్నారు, తర్వాత నిజంగా ఎలా ఉన్నారు అని పోల్చి చూశారు. తృప్తి పెరిగింది గానీ వాళ్లు అనుకున్నంత పెరగలేదు. ఇంకో ముక్క కూడా ఉంది. డబ్బు, హోదా ముఖ్యమనుకునేవాళ్లే ఎక్కువగా తప్పు అంచనా వేశారు. కుటుంబం, స్నేహాలు ముఖ్యమనుకునేవాళ్ల అంచనా పెద్దగా తప్పలేదు.

ఇంకో తమాషా, ఇదే స్టుట్సర్ అంతకుముందు ఫ్రై అనే ఆయనతో కలిసి ఆఫీసు ప్రయాణం మీద కూడా చేశాడు. ప్రయాణానికి ఎంత ఎక్కువసేపు పడితే తృప్తి అంత తక్కువ అని తేలింది. జీతమో, మంచి ఇల్లో దానికి పరిహారం ఇస్తుందనుకుంటాం కదా, అది సరిపోవట్లేదట. పావుగంట నుంచి గంటంబావుకి వెళ్లిన అన్న ఇది చదవాలి.

మల్లంపేట_మనిషి
చదివా. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగి చదివా.

సిరిసిల్ల_చిన్నోడు
బెర్లిన్ అన్నా, అక్కడి లెక్క ఇక్కడ పనికిరాదు. మీ దగ్గర కిరాయిదారుకి చట్టం అండ ఉంది కాబట్టి సొంతిల్లుకి, కిరాయింటికి తేడా తక్కువ. మా దగ్గర తేడా ఏంటో నేను చెప్తా.

2016లో మేం కరీంనగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఊళ్లో ఇల్లు అప్పటికే అమ్మేశాం, బాపు మందులకే. రాత్రి రెండింటికి దవాఖానాలో బాపు పోయిండు. నేను ఇంకా కాయితాల మీద సంతకాలు పెడుతున్నా, ఓనర్ దగ్గర్నుంచి ఫోన్. మంచోడే ఆయన, ఆరేళ్లున్నాం ఆ ఇంట్లో, బతుకమ్మకి మా ఇంటి పూలే వాళ్లింటికి పోయేవి. "తమ్మీ, ఏమనుకోకు, ఇంటికి మాత్రం తేవద్దు, కొత్తగా కట్టిన ఇల్లు, బిడ్డ పెళ్లి పెట్టుకున్నాం" అన్నడు. అంబులెన్స్ డ్రైవర్ ఎటు పోనియ్యాలె అన్నా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. గల్లీ మొదట్లో బండి ఆపుకుని అరగంట ఉన్నాం. అమ్మ ఇంట్లో ఉంది, బాపు బండిలో ఉన్నడు, మధ్యలో 200 అడుగులు. అమ్మనే నడిపించుకొచ్చి బండిలో చూపించా.

చివరికి ఊళ్లో చిన్నాయన వాకిట్లో దింపినం. దినాలు కూడా అక్కడే. మూడు నెలల పాటు ఆ కిరాయింటికి అమ్మ రాలేదు, ఓనరే వద్దన్నడు.

నేను 27 ఏళ్లకే ఇల్లు కొన్నా. చిన్నది, నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. తృప్తి అంటారా, ఏమో. ఎటు పోనియ్యాలె అని ఎవరూ అడగరు ఇప్పుడు.

పెరుగన్నం
...

బందరు_లడ్డు
జోకులేసినందుకు సిగ్గుగా ఉంది చిన్నోడా.

తులసికోట
చావే కాదు, పురుడు కూడా. మా వదిన ఏడో నెలలో ఉండగా ఓనరమ్మ వచ్చి "కాన్పుకి పుట్టింటికే వెళ్తావు కదమ్మా" అని నవ్వుతూ అడిగింది. వదినకి పుట్టిల్లు లేదు. పురిటి నెల మా ఇంట్లో గడిపారు. రెండు గదుల్లో ఏడుగురం. అదీ మాకు సొంత ఇల్లు ఉంది కాబట్టి.

లెక్కల_చిట్టా
నేను పైన రాసిన లెక్కలో తప్పు లేదు. కానీ ఇలాంటివి ఆ లెక్కలోకి ఎలా తేవాలో నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. మా నాన్నకి 78, నా దగ్గరే ఉంటున్నారు. ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. రేపు మా ఓనర్‌ని అడగాలా వద్దా అని కూర్చున్నా. అడిగే మాట కాదు కదా అది.

పాలమూరు_పిల్ల
మీరంతా ఫ్లాట్ల గురించి మాట్లాడుతున్నారు. మా అమ్మకి 2007లో ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. ఒక గది, వంటకి ఒక మూల, పైన శ్లాబు. బిల్లులు ముక్కలు ముక్కలుగా వచ్చేవి, బేస్‌మెంట్‌కి ఒకసారి, గోడలకి ఒకసారి. మధ్యలో సిమెంటు గట్టిపడిపోయి నాలుగు బస్తాలు పారేశాం. అప్పట్లో ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చేవాళ్లు. నాన్న తాగొచ్చి ఇదివరకు అనే మాట ఒకటుండేది, "నా ఇంట్లోంచి పో" అని. అర్ధరాత్రి మమ్మల్ని తీసుకుని అమ్మ బయట అరుగు మీద కూర్చునేది. కొత్తింట్లోకి వచ్చాక ఒకసారి అలవాటుగా అదే మాట అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా ట్రంకుపెట్టెలోంచి పట్టా తీసి దీపం దగ్గర పెట్టింది. నాన్నకి చదువు రాదు గానీ దాని మీద అమ్మ ఫొటో ఉంది కదా.

మళ్లీ ఆ మాట వినలేదు. తాగుడు మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

రెండో_అంతస్తు
ఆ పట్టాని ఫ్రేము కట్టించండి.

పాలమూరు_పిల్ల
అమ్మ ఒప్పుకోదు. ట్రంకుపెట్టెలో ఉంటేనే భద్రం అంటుంది.

ప్రీలాంచ్_బాధితుడు
మీ అందరికీ కనీసం గోడలున్నాయి. నాకు బ్రోషర్ ఉంది. 2021లో ఓ పేరు చెప్పలేని కంపెనీ, అడుగు మూడు వేలే, మొత్తం ఒకేసారి కడితేనే ఈ రేటు అన్నారు. ఊళ్లో అరెకరం అమ్మి 45 లక్షలు కట్టా. ఇప్పటికీ అక్కడ ఉన్నవి రేకుల ప్రహరీ, ఒక బోర్డు, రెండు మేకలు. నెలకోసారి బండి మీద వెళ్లి చూసొస్తా. మేకలు నాలుగయ్యాయి.

సైట్_ఇంజినీర్
బాధపెట్టాలని కాదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు, లేదా ఫ్లాట్లు ఎనిమిది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కాబట్టి ప్రీలాంచ్‌లో, అంటే రిజిస్ట్రేషన్ కాకముందే అమ్మేటప్పుడు, మొత్తం డబ్బు ఒకేసారి అడిగాడంటేనే అక్కడ్నుంచి లేచి రావాలి. ఇంకోటి, మల్లంపేట అన్నా, మీరు 1,450 అంటున్నది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా అన్నీ అందులో కలిపేస్తారు. టేపు పెట్టి కొలిస్తే లోపల కార్పెట్ ఏరియా వెయ్యి దాటితే గొప్ప. అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా రాసి ఉంటుంది, చదవండి. ఎవరూ చదవరు, అందరూ మోడల్ ఫ్లాట్లో సోఫా చూస్తారు. ఆ సోఫా మామూలు సోఫా కాదు, గది పెద్దగా కనపడాలని చిన్నగా చేయిస్తారు.

బందరు_లడ్డు
మోడల్ ఫ్లాట్లో మంచం మీద నేను పడుకుని చూశా. కాళ్లు బయటికొచ్చాయి. అప్పుడే అర్థమైంది.

ఓరుగల్లు_వేప
మాది హనుమకొండలో విడి ఇల్లు, తాత కట్టింది. తృప్తి గురించి అడిగితే కోతులని అడగాలి, ఎందుకంటే ఇంటిని మాకంటే అవే ఎక్కువ వాడుకుంటున్నాయి.

తులసికోట
మాస్టారిని ఒకటి అడగాలి. మీ పిల్లలు ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నారా?

తెనాలి_మాస్టారు
అడుగుతారనుకున్నాను. పెద్దాడు డాలస్, చిన్నది బెంగళూరు. పై రెండు గదులకి తాళం. నెలకోసారి తీసి దులుపుతాం, మా ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి దులపడం నేను, కింద నిలబడి "ఆ మూల వదిలేశారు" అనడం ఆవిడ. అమ్మేసి ఎవరో ఒకరి దగ్గరికి వచ్చేయమంటారు. పోయిన ఏడాది బెంగళూరులో నాలుగు నెలలున్నాం. అల్లుడు బంగారం. కానీ పొద్దున నాలుగింటికి లేచి కాఫీ పెట్టుకోవాలంటే గిన్నె చప్పుడవుతుందేమో అని ఆరింటిదాకా మంచం మీద కూర్చునేవాణ్ణి. ఇక్కడ నాలుగింటికి లేస్తాను, రేడియో పెడతాను, గేటు దగ్గర నందివర్ధనం కోస్తాను. నా చప్పుడు నేను చేసుకుంటాను.

ఖాళీ గదులు బాధ కాదా అంటే, బాధే. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయమ్మా.

బెర్లిన్_బాబు
మాస్టారూ, "నా చప్పుడు నేను చేసుకుంటాను" అన్న మాట ఆ బాసెల్ వాళ్లకి పంపించాలి. సిరిసిల్ల అన్న చెప్పింది కూడా నిజం. ఇక్కడ అద్దెకున్నవాడు భయపడడు, అందుకని ఇల్లు కొన్నాక తీరే భయమంటూ ఏదీ ఉండదు.

ఈఎంఐ_పక్షి
అసలు పోస్టు పెట్టినాయన ఏడి? ఇంకా జేఎన్‌టీయూ దగ్గరే ఉన్నాడా? మీ ఆవిడని అడిగావా అన్నా, ఆవిడకెలా ఉందో ఈ ఇల్లు?

మల్లంపేట_మనిషి
అడిగా. అడక్కుండా ఉండాల్సింది. ఈ చర్చ మొత్తం చదివి వినిపించా. సిరిసిల్ల అన్న పోస్టు దగ్గర ఇద్దరం కాసేపు ఆగిపోయాం.

తను చెప్పింది రాస్తున్నా. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నాలుగు ఇళ్లు మారాం, ప్రతిసారీ గ్యాసు, ఆధారు, పాప బస్సు, పనమ్మాయి అన్నీ కొత్తగా వెతుక్కుంది తనే. ఇప్పుడు పాపకి ఇదే బ్లాకులో ముగ్గురు స్నేహితులున్నారు, నాలుగో అంతస్తు వాళ్లింట్లో అన్నం తిని వస్తుంది. వంటింటి తలుపు చట్రం మీద పాప ఎత్తు గీతలు పెన్సిల్‌తో ఉన్నాయి, నేను ఇంతవరకు చూడనేలేదు. ఐదు గీతలు. "నువ్వు ఇంట్లో ఉండేదే నిద్రపోవడానికి, నీకేం తెలుస్తుంది" అంది.

ఇంకోటి, బెర్లిన్ బ్రో రాసిన హోదా ముక్క దగ్గర నవ్వింది. ఎందుకంటే మేం వెతికింది హఫీజ్‌పేట వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అదే సమయంలో మా తోడల్లుడు కొల్లూరులో విల్లా కొన్నాడు. గృహప్రవేశానికి వెళ్లొచ్చాక కార్లో నేనే అన్నానట, "మూడుకి తక్కువైతే మీవాళ్ల ముందు బాగోదు" అని. నాకు గుర్తులేదు. తనకి తేదీతో సహా గుర్తుంది.

పెరుగన్నం
తోడల్లుళ్లు లేకపోతే ఈ ఊళ్లో రియల్ ఎస్టేట్ సగం పడిపోతుంది.

వడ్డికాసులవాడు
ఆ మూడో బెడ్‌రూములో ఇప్పుడేముంది?

మల్లంపేట_మనిషి
ట్రెడ్‌మిల్. దాని మీద బట్టలు.

బందరు_లడ్డు
బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదన్నావు, 30 లక్షల చోటు అక్కడే ఉంది కదా.

లెక్కల_చిట్టా
సొంతిల్లు అద్దెకిచ్చేసి మళ్లీ కొండాపూర్ వెళ్లిపోండి. 26 వస్తుంది, ఇంకో పదో పన్నెండు వేలు కలిపి అక్కడ ఇల్లు తీసుకోండి. రోజుకి రెండు గంటలు మిగులుతాయి.

మల్లంపేట_మనిషి
ఇంట్లో ఆ మాట అన్నా. పాప తలుపు చట్రం పట్టుకుని ఏడ్చింది. వారంలో రెండు రోజులు ఇంటినుంచి పని అడిగా, మేనేజరు చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే లేదనే, కానీ అడిగా.

తులసికోట
అమ్మగారి వడియాలు ఏమయ్యాయి? నాకు అదే మనసులో ఉండిపోయింది.

మల్లంపేట_మనిషి
మొన్న ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్లా, కొన్నాక మొదటిసారి. నెలకి నాలుగున్నర వేలు మెయింటెనెన్స్ కడుతూ ఒక్కసారీ వెళ్లలేదు. టెర్రస్ తాళం సంగతి ఎత్తితే పిల్లలు పడిపోతారని ఒకాయన, సోలార్ పలకలు పగులుతాయని ఇంకొకాయన. గొడవయ్యేలా ఉంటే సీ బ్లాకు నుంచి ఓ పెద్దావిడ లేచి "నేను మూడేళ్లుగా అప్పడాలు కొనుక్కుంటున్నాను, నాకు సిగ్గేస్తోంది" అంది. ఇంక ఎవరూ మాట్లాడలేదు. ఫిబ్రవరి నుంచి శని, ఆదివారాలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా తాళం ఇస్తారు, రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవాలి. ఫ్లాట్ నంబరు, పేరు, కారణం అని గడులున్నాయి. అమ్మ ఇప్పటినుంచే గుమ్మడికాయలు బేరం చేస్తోంది. సీ బ్లాకు ఆవిడతో కలిసి పెడతారట, ఇద్దరికీ ఇంగువ దగ్గర అప్పుడే పేచీ వచ్చింది.

తెనాలి_మాస్టారు
వడియాల్లో ఇంగువ ఉండాలి. ఇందులో పేచీ ఏమిటి?

తులసికోట
మాస్టారూ, మా వైపు వేయం. దీనికి వేరే చర్చ పెట్టాలి.

కూకట్‌పల్లి_కుర్రాడు
అంతా బాగుంది గానీ అన్నా, అడుగు ఎంత?

మల్లంపేట_మనిషి
నాకు 6,300 పడింది, ఇప్పుడెంతో తెలీదు. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి అక్కడ్నుంచి మీ ఆఫీసుకి బండి మీద వెళ్లి చూడు. ఎక్కడ మీ ఆఫీసు?

కూకట్‌పల్లి_కుర్రాడు
ఉప్పల్. ఊరికి ఆ చివర.

పెరుగన్నం
గోవిందా.